జీవకారుణ్యమును జిగురట్టలును



హింస రెండు విధములు. కోపముచేతనో, లోభముచేతనో, జిహ్వచాపల్యముచేతనో తెలిసి చేయునది యొకటి. మన పని మనము చేసికొని పోవుచు, ఆ పనివెంట ఎవరికేమి కీడు మూడుచున్నదో వెనుదిరిగి చూడకపోవుటచేత జరుగునది రెండవది. మొదటిదానిని ఖండించుట సులభము. జాతరలలో మేకపోతుల మెడలు నఱకుటను ఖండింపవచ్చును. వేటను వినోదముగా నెంచువారిని ఖండింపవచ్చును. అట్లు ఖండించునపుడు ఆ తప్పు మన గడప దాటి యెక్కడనో యున్నదను ధైర్యము మనకుండును. రెండవదానిని గూర్చి పలుకుటకు ఆ ధైర్యము చాలదు. ఏలయన నది మన చేలలోను, మన గిడ్డంగులలోను, మన వంటయింటి మూలలలోను జరుగుచున్నది. నేడు మేము మీ యెదుట విన్నవింపబూనిన విషయ మట్టిది. పురుగును పట్టుటకు కట్టిన జిగురట్టకు పక్షి యంటుకొని ప్రాణము విడుచుటయే యా విషయము.

ఇది మిక్కిలి చిన్న సంగతియని కొందఱు తలంపవచ్చును. దేశమున ఇన్ని దుఃఖములుండగా పిట్టను గూర్చి ప్రసంగ మేలయని యడుగవచ్చును. చిన్నవానియెడల మన నడవడి యెట్టిదో దానినిబట్టియే మన ధర్మబుద్ధి తెలియును. బలవంతునియెడల న్యాయముగా నుండుటకు భయము చాలును; నోరులేనిదాని యెడల న్యాయముగా నుండుటకు ధర్మమొక్కటే కారణము కావలెను.

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పలు జిల్లాలుగా విభజింపబడినవి. పేర్లు మాఱినను నేల మాఱలేదు. ఉత్తరమున పెన్‌గంగ మొదలు తూర్పున ప్రాణహిత వఱకు గల నల్లరేగడి నేలలలో రైతునకు పత్తియే ఆధారము. గోదావరికి దక్షిణమున, శ్రీరామసాగరపు కాలువలు పాఱు జగిత్యాల, కరీంనగరు, పెద్దపల్లి ప్రాంతములలో వరి ప్రధానము. పత్తికి పురుగుల బాధ యెంతటిదో ఈ సీమలో నెఱుగనివారు లేరు. తెల్లదోమ ఆకులోని రసమును పీల్చును. తామరపురుగు లేతాకును గీకి ముడుచునట్లు చేయును. గులాబిరంగు పురుగు కాయలోపల దాగి గింజను దినును. 2002లో మన దేశమున అనుమతింపబడిన బి.టి. పత్తి యీ కాయపురుగును కొన్నియేండ్లు అణచినను, పురుగు ఆ విషమునకు అలవాటుపడి మరల తలయెత్తినది. అప్పు చేసి విత్తనము కొని, అప్పు చేసి యెరువు వేసి, కాయ పగులు వేళకు పురుగు పాలైన చేను చూచి గుండె పగిలిన రైతులు ఈ జిల్లాలలో కలరు. ఈ మాట ముందుగా చెప్పక పక్షినిగూర్చి చెప్పుట న్యాయము కాదు. మేము రైతుపై తీర్పు చెప్పుటకు రాలేదు.

పురుగు ఎంత వచ్చినదో కనుగొనుటకును, వచ్చినదానిని కొంత పట్టుటకును చేలో జిగురట్టలు కట్టుదురు. తెల్లదోమ పసుపురంగునకు ఆకర్షింపబడును గనుక పసుపు అట్టలు. తామరపురుగు నీలిరంగునకు ఆకర్షింపబడును గనుక నీలి అట్టలు. ఎండకు ఆఱని జిగురు రెండువైపుల పూసిన యీ యట్టలను కఱ్ఱలకు తగిలించి, పైరు తలలకు సమమైన యెత్తున నిలుపుదురు. పైరు పెరిగినకొలది పైకి జరుపుదురు. ఈ పద్ధతిని కనిపెట్టినవారి యుద్దేశము మంచిది. పురుగు రాకడను ముందే కనిపెట్టినచో మందు పిచికారి తగ్గించవచ్చును. పిచికారి యెంత ప్రమాదకరమో పెన్‌గంగ కావలియొడ్డున నున్న యవత్మాలు జిల్లాలో 2017లో లోకమునకు తెలిసినది. ఆ యేడు పత్తిచేలలో మందు చల్లుచు, ఆ విషము సోకి ఇరువదిమంది వఱకు రైతులును కూలీలును మరణించిరి. కావున జిగురట్ట యనునది విషము కంటె మేలైన యుపాయమే. మేలైన యుపాయమునందును ఒక దోషము దాగియున్నప్పుడు దానిని చూపి తొలగించుట సంస్కర్తల కర్తవ్యము. ఉపాయమునే త్రోసివేయుట కాదు.

ఆ దోష మెట్టిదో చూడుడు. పైరు కాపుదలకై వ్యవసాయశాస్త్రజ్ఞులు రైతునకు మఱియొక సలహా నిత్యము చెప్పుదురు. అది చేలో అక్కడక్కడ పక్షిస్థావరములను, అనగా అడ్డకఱ్ఱ కట్టిన గుంజలను పాతుమనుట. ఆ కఱ్ఱపై నల్లని ఏట్రింత వాలును, గోరువంక వాలును, పాలపిట్ట వాలును. అవి యక్కడ కూర్చుండి చేనంతయు పరికించి, కదలిన పురుగుపై దుమికి పట్టి తినును. కూలి యడుగవు, బాకీ పెట్టవు. ఇదియే చేలో, ఇదే యెత్తున, పది బారల దూరమున, ఎండని జిగురుతో పసుపు అట్ట వ్రేలాడుచుండును. ఆ యట్టపై రెక్కలు కొట్టుకొనుచున్న పురుగులుండును. పురుగునకై పిలువబడిన పక్షి పురుగును చూచి యక్కడికే పోవును. ఒక చేతితో అతిథిని పిలిచి పీట వేసి, రెండవచేతితో ఆ పీటప్రక్కనే ఉచ్చు పన్నినవానిని మనమేమందుము? తెలియక పన్నితినని యతడు చెప్పవచ్చును. అతిథికి మాత్రము ఫల మొక్కటియే.

జిగురు చేయు పని యెట్టిదో తెలిసికొనుడు. కత్తిదెబ్బ వేగముగ ముగించును, జిగురు ముగింపదు. మొదట రెక్కకొన యొక్కటి యంటుకొనును. దానిని విడిపించుకొనుటకు పక్షి రెండవ రెక్కను కొట్టును, అదియు నంటుకొనును. కాళ్లతో తన్నును, కాళ్లు చిక్కును. పెనుగులాటలో ఈకలు ఊడిపోవును, చర్మము చిరుగును. తుదకు రొమ్ము, ముక్కు కూడ జిగురులో దిగబడును. ఆకలిచేతను, దప్పిచేతను, ఎండచేతను, భయముచేతను గంటలకొలది బాధపడి యది చచ్చును. అదృష్టవశమున ఊడి బయటపడినను, జిగురు పూసికొనిన ఈకలతో ఎగురజాలక పిల్లికో పామునకో ఆహారమగును. గూటిలో పిల్లలున్న ఋతువైనచో ఒక్క తల్లితోకూడ గూడంతయు నశించును. పిచ్చుక, దర్జీపిట్ట వంటి చిన్నవి మిక్కిలి తేలికైనవి. పెద్దపక్షి యొకవేళ లాగికొని పోగల జిగురును అవి లాగజాలవు.

ఇది మన సీమకు మాత్రమే కలిగిన చిక్కు కాదు. అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమున 2014లో మచ్చలదీపపురుగు అనదగిన యొక విదేశీకీటకము కనబడి, తోటలను పాడుచేయసాగినది. దానిని పట్టుటకు జనులు చెట్ల మొదళ్లకు జిగురుపట్టీలు చుట్టిరి. చెట్టును ప్రాకు పురుగుతోపాటు వడ్రంగిపిట్టలు, చిన్నపిట్టలు, ఎగురు ఉడుతలు సైతము ఆ పట్టీల కంటుకొనెను. గాయపడిన పక్షులను సాకువారు ఈ సంగతిని బయటపెట్టగా, అచ్చటి విశ్వవిద్యాలయపు వ్యవసాయశాఖవారు జనులకు రెండు మార్గములు బోధించిరి. జిగురు కట్టక తప్పనిచో దానిచుట్టు తీగవల కట్టుట యొకటి. జిగురే లేకుండ పురుగును గొట్టమునుండి సంచిలోనికి నడపించు బోనును వాడుట రెండవది. పంటను వదలుకొనుమని వారు చెప్పలేదు. పక్షిని వదలిపెట్టుమని చెప్పిరి.

జిగురు మాట వచ్చినది గనుక పాలపిట్టను గూర్చి చెప్పక తప్పదు. అది తెలంగాణమునకు రాష్ట్రపక్షి. విజయదశమినాడు జమ్మిపూజ చేసి పాలపిట్టను చూచుట శుభమని మన ప్రజల నమ్మకము. పొలిమేర దాటి పొలములవైపు పోయి, తీగపై కూర్చున్న నీలిరెక్కల పక్షిని చూచి యానందించుటలో దోషమేమియు లేదు. అది ప్రకృతిని గౌరవించు చక్కని యాచారమే. కాని పట్టణములలో నున్నవారికి పొలము దాక నడచు ఓపిక లేదు. దర్శనము మాత్రము కావలెను. అందుచేత పండుగకు ముందే కొందఱు పాలపిట్టలను పట్టి, ఎగురకుండ రెక్కలకు జిగురు పూసి, కాళ్లకు త్రాడు కట్టి, ఇఱుకు పంజరములలో పెట్టి వీధులలో త్రిప్పి రూపాయలు పుచ్చుకొనుచున్నారు. ఆ పక్షులలో పెక్కు తిండిలేక, ఈకలు పాడై, పండుగ గడచుటతోడనే చచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము దీనిని నేరముగ ఎంచుచున్నది. కొనువారు లేనిచో పట్టువారుండరు. మనము చెల్లించు రూపాయియే ఆ జిగురు. చచ్చుచున్న ప్రాణిని చూచి శుభము నపేక్షించుట యే ధర్మమున కలదు?

ఇక చేను విడిచి యింటికి వత్తము. వరి పండు ప్రాంతములలో బియ్యపు మిల్లులు, గిడ్డంగులు, కిరాణా దుకాణములు అనేకము. ఎలుకల బాధకు అందఱును అట్టలపై దట్టముగ జిగురు పూసినవానిని కొని మూలలలో పఱచుచున్నారు. ఎలుక మాత్రమే వచ్చి దానిపై కాలు మోపవలెనని ఎవరు శాసింపగలరు? చెదరిన గింజలకై దిగిన పిచ్చుకయు, ఎలుకను చూచి దిగిన గుడ్లగూబయు, బల్లియు, ఉడుతయు దానికే చిక్కును. ఎలుక విషయమున నైనను ఈ చావు క్రూరమైనది. ఒకటి రెండు దినములు జీవముతో నంటుకొని యుండును. చాలమంది దానిని అట్లే మడిచి చెత్తకుండీలో వేయుదురు. 1960వ సంవత్సరపు జంతుహింసానివారణ చట్టము 11వ విభాగము అనావశ్యకమైన బాధను నేరముగా నెంచినది. భారత జంతుసంక్షేమమండలి 2011లోను, 2020లోను ఈ జిగురుబోనులను నిలిపివేయవలయునని రాష్ట్రములకు సలహా నిచ్చినది. న్యూజీలండులో 2015 నుండి అనుమతిలేనిదే వీనిని అమ్ముటకుగాని వాడుటకుగాని వీలులేదు. ఇంగ్లండున 2022లో చేసిన చట్టము 2024 జూలై 31 నుండి అమలులోనికి వచ్చి, లైసెన్సు పొందిన నిపుణులకు దక్క తక్కినవారికి వీని వాడుకను నిషేధించినది.

గుడ్లగూబను గూర్చి యొకమాట. అది యింటిపై వ్రాలిన చావు వచ్చునని భయపడి రాళ్లు రువ్వువారు నేటికిని కలరు. నిజమునకు చావు వచ్చునది ఎలుకకే. తెల్లగుడ్లగూబల జంట యొకటి, పిల్లలను సాకు కాలమున, ఏటికి వందలకొలది ఎలుకలను పట్టును. ఇజ్రాయేలు దేశమున 1980ల నుండి రైతులు పొలములలో చెక్కపెట్టెలు నిలిపి గుడ్లగూబలకు గూళ్లు కల్పించి, ఎలుకమందు వాడుకను తగ్గించుచున్నారు. మలేషియా నూనెతాటి తోటలలోను ఇట్టి ప్రయత్నము జరిగినది. మనమో, ఆ కాపరిని అపశకునమని తఱుముదుము. మిగిలినదానిని జిగురుతో పట్టుదుము. అదియు దక్కినచో మందు తిని మత్తిల్లిన యెలుకను దానికి విందుగా పెట్టుదుము. పిమ్మట ఎలుకలు పెరిగినవని విలపింతుము.

ఇచ్చట మూడు ఆక్షేపణలు రావచ్చును. రైతు నష్టము ముందు పక్షి యెంతయని మొదటిది. రైతునకును పక్షికిని విరోధము లేదని ఇంతకుముందే చూపితిమి. ఏట్రింత బ్రతికినయెడల పురుగు తగ్గును. పురుగు తగ్గినయెడల మందు ఖర్చు తగ్గును. పక్షిని కాపాడుట రైతుపై వేసిన పన్ను కాదు, రైతు పనివానిని కాపాడుట.

అక్కడొకటి ఇక్కడొకటి చచ్చినంతమాత్రమున లోకము మునుగునాయని రెండవది. ఒక్క చేలోని రైతు ఒక్క పక్షినే చూచును. కాని అట్టలు ఒక్క చేలోనే లేవు. వేల చేలలో, వేల దుకాణములలో, ఏటేట జరుగుచున్న దానిని ఒక్కచోట నిలిచినవాడు చూడజాలడు. అదియుగాక, ప్రాణము లెక్కకు తక్కువైనంత మాత్రమున బాధ తక్కువ కాదు. బాధపడు ప్రాణికి తన ప్రాణ మొక్కటియే.

చంపవలెనని మేము తలపలేదు, కావున మాకు దోషము లేదను మూడవ యాక్షేపణయే అన్నిటికంటె బలమైనది. దీనికి రాబందుల కథ ప్రత్యుత్తర మిచ్చుచున్నది. పశువుల నొప్పి తగ్గించుటకు డైక్లోఫినాక్ అను మందును ప్రజలు దయతోనే వాడిరి. ఆ మందు వేసిన పశువు చచ్చి, దాని మాంసము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి కూలిపోయెను. 1990ల నుండి కొలది యేండ్లలోనే మన దేశమున రాబందులు నూటికి తొంబదియైదుకు మించి నశించెను. కారణ మేమో 2004 వఱకు తెలియలేదు. తెలియనన్నాళ్లు అది అజ్ఞానము. తెలిసిన పిమ్మట 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించి, మెలాక్సికాం అను నిరపాయమైన మందును చూపినది. నాటి ఆదిలాబాదు జిల్లాలోనే, బెజ్జూరు అడవులలో పాలరాపు గుట్ట యంచున, పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టుకొని యుండుట 2013లో కనబడెను. కొండచఱియపై మిగిలిన ఆ కొలదిపాటి పక్షులు మనకొక ధర్మసూత్రమును బోధించుచున్నవి. తెలియక చేసినది పొరపాటు. తెలిసినపిదప అదియే చేసిన పాపము. నేడు జిగురట్ట విషయమున మనము ఆ రెంటి నడుమనున్న గడపపై నిలిచియున్నాము.

అట్లయిన చేయవలసినదేమి? ధర్మము ఉపన్యాసముతో ముగియరాదు గనుక వివరముగ చెప్పుదుము.

మొదటిది, అవసరములేనిదే అట్ట కట్టరాదు. పురుగు జాడ తెలిసికొనుటకు కొలది యట్టలు చాలును. అమ్మువాని మాట విని చేనంతయు నింపవలసిన పనిలేదు. గులాబిరంగు పురుగునకు లింగాకర్షక బుట్ట కలదు. అది ఆడుపురుగు వాసనతో ఆ జాతి మగ రెక్కలపురుగులను మాత్రమే పిలుచును. పక్షి దానిని సరకుసేయదు. ఒక్కనినే పిలిచి ఒక్కనినే పట్టు బోను ధర్మమునకు దగ్గఱగా నున్న బోను.

రెండవది, కట్టిన యట్టచుట్టు తీగవల అమర్చవలెను. తెల్లదోమ యొడలు మిల్లీమీటరు పొడవు. తామరపురుగు దానికంటె కొంచెము పెద్దది. పిచ్చుక తల దూరని కన్నులుగల వలలోనుండి ఆ పురుగులు నిరాటంకముగ పోగలవు. వల అట్టకు తగులకుండ నాలుగు వ్రేళ్ల యెడము విడువవలెను. ఒకసారి చేయించిన తీగగూడు పలు పంటలకు పనికి వచ్చును.

మూడవది, పక్షిస్థావరమునకును జిగురట్టకును ఎడము పాటింపవలెను. రెండును ఒక్క సాలులో నుండరాదు. నాలుగవది, కట్టినవాడు దినమున కొకసారియైనను వానిని చూడవలెను. అయిదవది, పని తీఱినతోడనే అట్టలను విప్పి, జిగురు ముఖములు లోపలికి వచ్చునట్లు మడిచి పాఱవేయవలెను. పత్తి తీత ముగిసిన పిదప గాలికి కొట్టుకొనిపోయి కంపలలో చిక్కుకొనిన యట్ట, ఎవరికిని ఉపయోగపడక, పక్షులను మాత్రము పట్టుచుండును.

ఆఱవది, ఎలుకలకు పెట్టు జిగురట్టలను ఇండ్లనుండియు గిడ్డంగులనుండియు పూర్తిగ తొలగింపవలెను. తలుపుల క్రింది సందులు మూయుట, ధాన్యమును నేలనుండి యెత్తుగ నిలువచేయుట, చెదరిన గింజలను ఊడ్చుట, ఎలుకబోను వాడుట—ఇవియే నిలుకడగల మార్గములు. తిండి దొరకనిచోట ఎలుక నిలువదు.

జిగురునకు చిక్కిన పక్షి కనబడినయెడల దానిని లాగరాదు. లాగినచో ఈకలును చర్మమును అట్టకే యంటియుండును. ఇంకను తెఱచియున్న జిగురుపై కాగితపు ముక్కలు పఱచి, పక్షి మఱింత అంటుకొనకుండ చేయవలెను. అట్టతో సహా గాలిరంధ్రములుగల పెట్టెలో చీకటిగా నుంచి, పశువైద్యునియొద్దకో అటవీశాఖవారియొద్దకో చేర్పవలెను. నోటిలో బలవంతముగ నీరు పోయరాదు.

సోదరులారా! ఈ ప్రసంగము చదువుకొనినవారిని, భూములుండి కౌలుకిచ్చి పట్టణములలో నివసించువారిని ఉద్దేశించినది. కౌలురైతు తీగవల కొనలేదని నిందించుట సులభము. ఆ భూమిఫలమును అనుభవించువారు ఆ వలవెలను భరించుట న్యాయము. మిల్లులు గలవారు తమ గిడ్డంగిని తాము చూచికొనవలెను. దుకాణదారు జిగురట్ట చూపినపుడు వద్దని, ఎందుకు వద్దో మర్యాదగా చెప్పవలెను. ఉపాధ్యాయులు పిల్లలను దసరాకు ముందు పొలములకు తీసికొనిపోయి, తీగపై స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్టను చూపవలెను. ఆ దర్శనము చేసిన బాలుడు పంజరములోని పక్షికి రూపాయి చెల్లింపడు.

పరమేశ్వరుని దయను కీర్తించుటకు మనకు మాటలకు కొదువ లేదు. ఆయన దయ మన చేతులగుండ ప్రవహింపవలెనని కోరుదుము. కాని చేతులకు జిగురుండగా దయ యెట్లు ప్రవహించును? పక్షికి మన భాష రాదు, న్యాయస్థానము లేదు, మన వీధిలో దానికి బంధువులు లేరు. దానికున్న అండ యంతయు మనుష్యుని మనస్సాక్షియే.

సర్వజీవపితవగు దేవా! మా పొలములను పురుగునుండి కాపాడుకొను బుద్ధి నిచ్చితివి. ఆ కాపుదలలో నిరపరాధిని చంపకుండు మెలకువనుగూడ మాకిమ్ము. మేము చూడనిచోట మా పనివలన కలుగు బాధను మాకు చూపుము. చూచినపిదప చేయి ముడుచుకొని కూర్చుండని హృదయమును ప్రసాదింపుము. మా చేలపై ఏట్రింతలు నిర్భయముగ వ్రాలుగాక. మా రైతుల కొట్టులు నిండుగాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.